దిగడం

వల్పరైసో కొండల మీది ఇళ్లకు దారులుండవు, మెట్లుంటాయి.
యాస్నా వాళ్లింటికి నూట నలభై మూడు.
కింద నుంచి ముప్పై ఏడోది విరిగింది,
తొంభయ్యో మెట్టు మీద ఎవరిదో నల్లకుక్క
అడ్డంగా పడుకుంటుంది.
ఇవేవీ ఆ పిల్ల నాతో చెప్పలేదు,
అప్పటికింకా మాట తిరిగి రాలేదు.
వాళ్లమ్మ యెసేనియా చెప్పింది,
బిడ్డను వీపున మోసుకుని దిగొచ్చి
చెమట తుడుచుకుంటూ, లెక్క అప్పజెప్పినట్టు.

తల వెనక, చిన్నమెదడులో,
ఆలివ్ కాయ కన్నా పెద్దది, అక్రోటు కన్నా చిన్నది.
తీసేశారు. మంచిపనే చేశారు.
కాకపోతే దాంతోపాటు ఇంకేదో వెళ్లిపోయింది:
చెయ్యి ఎక్కడ ఆగాలో చేతికి చెప్పేది,
నేల ఎంత దూరమో కాలికి చెప్పేది.

ముక్కు ముట్టుకోమంటే వేలు చెవి దాటి పోయేది.
కప్పు కోసం వెళ్లిన చెయ్యి కప్పును పడగొట్టి
పడిన తర్వాత కూడా ఇంకా వెతికేది.
ప్లాస్టిక్ కప్పు. అందులో ముందు మసూర్ పప్పు, నీళ్లు తర్వాత.
నేల మీది గింజలు ఏరడం నా ఉద్యోగం.
పదకొండేళ్లలో ఎన్ని కిలోలు ఏరానో.

మణికట్టుకు ఇసుక సంచీ కడతాను,
బరువుంటే వణుకు కాస్త తగ్గుతుంది.
ఎందుకని అడిగాడు అన్న లిసాండ్రో.
గాలేస్తే కాయితం మీద రాయి పెట్టమూ, అలా, అన్నాను.
పూర్తిగా నిజం కాదు. కానీ వాడికి పన్నెండేళ్లు.

ఆరో వారం మొదటి మాట.
నేను శభాష్ అన్నాను, నిలబడినందుకు.
నోరు ముయ్యి అంది.
అక్షరానికీ అక్షరానికీ మధ్య
ఒక ఖాళీ గది వదిలి,
నో... రు... ము... య్యి.
వాళ్లమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది.
ఆ రోజు నుంచి శభాష్ అనడం మానేశాను, ఎవరితోనూ.

తప్పటడుగులు మనిషి ఒకసారే వేయాలి.
తొమ్మిదేళ్లప్పుడు మళ్లీ వేస్తే
చప్పట్లు కొట్టేవాళ్లుండరు,
చూసీ చూడనట్టు తల తిప్పుకుంటారు.
నిలబడే తీరు సరిచూసుకోమని
నిలువుటద్దం పెట్టాను ఎదురుగా.
యాస్నా దాని మీద తన స్వెటర్ కప్పేసింది.
మూడు ప్రయత్నాలు పట్టాయి కప్పడానికి.
మూడూ రాసుకున్నాను: భుజం, మోచేయి, వేళ్లు.
అంతకుముందెప్పుడూ చెయ్యి అంత పైకి లేవలేదు.

మా హాల్లో చెక్కమెట్లు నాలుగే.
ఎక్కడం వచ్చేసింది. దిగడం రాదు.
ఎక్కేటప్పుడు మెట్టు మొహంలోకి వస్తుంది,
దిగేటప్పుడు వెళ్లిపోతూ ఉంటుంది.
అందుకే మెట్టును అడగనిదే అడుగు వేయదు పిల్ల,
బొటనవేలితో, అంచు మీద, రెండుసార్లు,
జవాబు వచ్చేదాకా నిలబడి.
ఆమె నడుముకు జానెడు దూరంలో నా చేతులు.
నా చదువంతా ఆ జానెడే.

సెప్టెంబర్లో, గాలిపటాల వారం, వాళ్ల కొండకే వెళ్లాం.
పైనుంచి చూస్తే మెట్లు, మెట్లు, రేవులో క్రేన్లు, ఆపైన నీళ్లు.
కమ్మీ పట్టుకుని పది దిగింది.
పదకొండోదాన్ని అడిగింది. మళ్లీ అడిగింది.
ఏం చెప్పిందో మరి,
కూలబడింది.
కూర్చునే దిగడం మొదలెట్టింది,
ఒక్కో మెట్టూ జారుతూ,
కొత్త ప్యాంటే అని అమ్మ పైనుంచి అరుస్తున్నా.
నల్లకుక్క దగ్గర ఆగి దాని చెవి కోసం చెయ్యి చాచింది.
మొదటిసారి తోక. రెండోసారి గాలి.
కుక్క ఓపిక పట్టింది. మూడోసారి చెవి.

నా కాయితంలో రెండే గళ్లు:
సాయంతో, సాయం లేకుండా.
పిరుదుల మీద, అన్న గడి లేదు.
జేబులోకి తోసేశాను.
పైన లిసాండ్రో దారం వదులుతూ గట్టిగా లెక్కపెడుతున్నాడు,
గాలిపటానికో చెల్లెలికో.

ఆమె కన్నా రెండు మెట్లు కింద, వెనక్కి నడుస్తూ నేను,
చేతులు అలాగే చాచి.
విరిగిన మెట్టు దగ్గరపడింది.
యాస్నా తలెత్తింది.
నువ్వు పడతావు, ముందుకు తిరుగు, అంది.
అక్షరాల మధ్య గదులు ఇప్పుడు ఇరుకయ్యాయి.

తిరిగాను.
ఎదురుగా కాళ్ల కింద ఏమీ లేనంత సముద్రం.
తరవాతి మెట్టును నేనూ
బొటనవేలితో అడిగాను.